ఇంటికొకరు

స్కార్‌బరో,
సెప్టెంబరు.

వదినగారికి మీనాక్షి నమస్కారాలు.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని మీరు అనుకుంటారు. మా ఇంట్లో ఫోను మాట్లాడుకునే చోటు లేదు వదినా. హాల్లో మీ తమ్ముడు మంచం మీద ఉంటారు. మాట సగమే వస్తోంది గానీ చెవులు మాత్రం పాముచెవులు. లోపలి గదిలో అత్తయ్య, అనన్య. నేను ఏడిస్తే ముగ్గురికీ వినిపిస్తుంది. అందుకే కింద లాండ్రీ రూములో, మెషిన్లో బట్టలు తిరుగుతుంటే కూర్చుని రాస్తున్నాను.

మహీకి పక్షవాతం వచ్చి ఉద్యోగం పోయాక ఉండేవాళ్ళే మెంబర్లుగా కలిసి నడుపుకునే ఈ కోఆప్ బిల్డింగులో ఇల్లు దొరకడం మా అదృష్టమని అందరికంటే ముందు మీరే అన్నారు. ఆదాయాన్ని బట్టి అద్దె. లిఫ్టుంది. బాత్రూములో ఆయన పట్టుకోవడానికి గోడకి కమ్మీలున్నాయి. అన్నీ ఉన్నాయి గానీ ఒక షరతు కూడా ఉంది. ఇక్కడుండే ప్రతి ఇంటివాళ్ళూ నెలనెలా కొన్ని గంటలు బిల్డింగు కోసం ఊరికే పని చెయ్యాలి. మొక్కలకి నీళ్ళు పొయ్యడమో, మెట్లు ఊడవడమో, కమిటీలో కూర్చోవడమో, ఏదో ఒకటి. చేరేటప్పుడు సంతకం పెట్టాను. ఇల్లు దొరక్క అల్లాడే మనిషి ఏ కాగితం మీదైనా సంతకం పెడుతుంది.

వేసవంతా నేను వెళ్ళలేకపోయాను. పగలు వృద్ధుల హోమ్ కిచెన్లో డ్యూటీ, రాగానే ఆయన్ని లేపడం, స్నానం, కసరత్తు. అవి అత్తయ్య వల్ల కావు. మొన్న తలుపు కింద నుంచి వార్నింగ్ కాగితం తోశారు. ఇలాగే ఉంటే మెంబర్‌షిప్ సంగతి ఆలోచించాల్సి వస్తుందని రాశారు. మెంబర్‌షిప్ పోతే ఇల్లు పోతుంది.

అత్తయ్య విషయమంతా విని, "ఇంటికొకరే కదా రమ్మన్నది, నేను లేనా?" అంది. నాకూ సబబుగానే అనిపించింది. మన దగ్గర పెళ్ళయినా చావయినా ఇంటికొకరు వచ్చి చెయ్యి వేస్తారు, ఆ వచ్చింది ఎవరని ఎవరడుగుతారు? నేను డ్యూటీ నుంచి రాగానే తను కిందికి దిగుతోంది. తోటలో కలుపు తీస్తోంది. గంటలు నా పేరు మీద పడుతున్నాయి.

మీకు చెప్పకుండా చేశానని అనుకోవద్దు. చెప్పడానికే ఈ ఉత్తరం.

మీ మీనాక్షి.

*

లండన్, ఒంటారియో,
అక్టోబరు.

మీనాక్షీ,

నీ ఉత్తరం చదివి నిన్ను కాసేపు తిట్టుకున్నాను, తర్వాత మళ్ళీ చదివాను, తర్వాత మా అమ్మని తిట్టుకున్నాను. మా అమ్మ పుట్టింట్లో గడప దాటి చేలోకి దిగిన మనిషి కాదు. ఈ దేశం వచ్చి, ఈ వయసులో, ముక్కూ మొహం తెలియని వాళ్ళ తోటలో కలుపు తీస్తోందా? బాగుంది. ఇక చలికాలం వస్తోంది, మంచు కూడా ఎత్తిస్తావా?

కోప్పడుతున్నానని బెంగ పెట్టుకోకు. కోపం నీ మీద కాదని నీకూ తెలుసు. తమ్ముడు లేచి నడిచే రోజుల్లో ఎలా ఉండేవాడో తలచుకుంటే నాకు అన్నం సహించదు.

కానీ ఒక్క మాట విను, ఇది మాత్రం జాగ్రత్త. కన్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఉండొచ్చని ఇచ్చే ఈ సూపర్ వీసా అమ్మకి నా పేరు మీద వచ్చింది. ఆహ్వానించింది నేను, పక్కన సంతకం పెట్టింది మీ అన్నయ్య, ఇన్సూరెన్స్ కడుతున్నదీ ఆయనే. కాగితాల ప్రకారం అమ్మ ఉండేది లండన్లో, మా ఇంట్లో. నీ దగ్గర ఉంటున్నట్టు బిల్డింగు ఆఫీసులో చెప్పావా? చెప్పి ఉండవులే. చెప్పకు. ఇంకో మనిషి ఉందంటే ఆ మనిషి ఆదాయం చూపించమంటారు, నీ సబ్సిడీ తవ్వుతారు. ఎవరైనా అడిగితే చుట్టపుచూపుగా వచ్చిందని చెప్పు. అమ్మకీ అదే చెప్పమని నేర్పు.

ఇక్కడికి తీసుకెళ్ళిపొమ్మని నువ్వు అడగలేదు. అడిగే మనిషివీ కాదు. అయినా నేనే చెబుతున్నాను, అది కుదరదు. మా ఇల్లంతా మెట్లు, అమ్మ మోకాళ్ళకి పడవు. ఇంక ఆ మాట ఎత్తకు.

అనన్యకి స్వెట్టరు పంపుతున్నాను. మహీని నేను అడిగానని చెప్పు.

నీ వదిన
రత్నకుమారి.

*

స్కార్‌బరో,
నవంబరు.

వదినగారికి,

స్వెట్టరు అందింది. అనన్య వేసుకుని విప్పనంటోంది. "ఇట్స్ సో సాఫ్ట్" అని వాళ్ళ నాన్న చెంపకి ఆనించింది.

మంచు ఎత్తించడం లేదు లెండి. చలి మొదలయ్యాక తోటపని ఆపేశారు. శుక్రవారాలు కింద పెద్ద కిచెన్లో బిల్డింగు వాళ్ళందరికీ కలిపి వంట చేస్తారు, అత్తయ్యని అక్కడ వేశారు. మీరు ఒక్కసారి వచ్చి చూడాలి వదినా. బీన్సు ఇలాగా తరగడం అని అత్తయ్య ఒక సోమాలీ ఆవిడ చేతిలోంచి కత్తి లాక్కుందట. పులిహోర కలిపితే గిన్నె అడుగంటా గీకేశారు. చారుని కాఫీ కప్పుల్లో పోసుకుని తాగుతున్నారు. ఈ దేశంలో అడుగుపెట్టిన తర్వాత అత్తయ్యని పేరు పెట్టి పిలిచిన వాళ్ళు వీళ్ళే. పైకి వచ్చి మహీకి అన్నీ కథలు కథలుగా చెబుతుంది. ఆయన సగం నోటితో నవ్వుతారు.

ఈ గంటలన్నీ చూసుకునేది జ్ఞానవతి అని ఒకావిడ. ఫిజీ నుంచి వచ్చింది. వాళ్ళ ముత్తాతలు చెరుకుతోటల పనికి ఓడెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళట. వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకున్న నాలుగు తెలుగు ముక్కలకి హిందీ కలిపి మాట్లాడుతుంది. అత్తయ్యని "అవ్వా" అంటుంది. అత్తయ్య ఆ పిలుపుకి కరిగిపోయింది.

ఇదంతా సంతోషంగా రాయాల్సిన సంగతి. కానీ ఇంకోటి కూడా రాయాలి.

బిల్డింగు వాళ్ళు నెలకోసారి వేసే చిన్న పత్రికలో అత్తయ్య ఫోటో వేశారు. ఈ రెండు మూడు నెలల్లో అందరికంటే ఎక్కువ సేవ చేసిన మనిషని మెచ్చుకున్నారు. కింద జ్ఞానవతి రాసింది: కనకదుర్గ గారు ఏడాదికి పైగా కొడుకు కుటుంబంతో ఇక్కడే నివసిస్తున్నారు అని. ఫ్లాటు నంబరుతో సహా.

ఎందుకు చెప్పారు అత్తయ్యా, చుట్టపుచూపుగా వచ్చానని చెప్పమన్నాను కదా అని అడిగాను. గట్టిగా కూడా అనలేదు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నా కొడుకింట్లో నేను చుట్టాన్నా? ఆ మాట నా నోటితో అనిపించకు. ఆ జ్ఞానవతి ఎవరింట్లో ఉంటున్నారని అడిగింది, నా కొడుకింట్లో అని చెప్పాను. అది కూడా చెప్పుకోకపోతే నేనెందుకు బతికినట్టు?"

మహీ మంచం మీద నుంచి ఆ ఫోటో చూపించమని సైగ చేశారు. చూపించాను. చాలాసేపు చూసుకున్నారు.

ఎవరూ పట్టించుకోరేమో. పట్టించుకోకూడదని దేవుణ్ణి మొక్కుకుంటున్నాను.

మీ మీనాక్షి.

*

స్కార్‌బరో,
జనవరి.

వదినగారికి,

పట్టించుకున్నారు.

కొత్త సంవత్సరం సెలవులు అయ్యీ అవగానే నోటీసు వచ్చింది. మెంబరు కాని మనిషి చేత పని చేయించి ఆ గంటలు నా పేరు మీద వేయించుకున్నానట. అనుమతి లేకుండా మనిషిని ఇంట్లో దాచిపెట్టానట. 'దాచిపెట్టడం' అన్న మాటే రాశారు. మా మెంబర్‌షిప్ తీసెయ్యాలా వద్దా అని వచ్చే నెల బోర్డు ముందు విచారణ. నేను వెళ్ళి జవాబు చెప్పుకోవాలి.

వదినా, నేను బయట ఇళ్ళు చూడటం మొదలుపెట్టాను. నా జీతమంతా పోసినా చాలని అద్దెలు. నా స్తోమతుకి అందేది ఒక్క బేస్‌మెంటు కనిపించింది. ఇరుకు మెట్లు దిగి వెళ్ళాలి. ఆ మెట్ల మీద నిలబడి, ఆయన్ని ఎలా దింపుతాను, దింపాక మళ్ళీ ఎలా పైకి తెస్తాను అని ఆలోచించాను. ఆ ఇంటాయన వచ్చి అలా నిలబడ్డావేమమ్మా అని అడిగేదాకా కదల్లేదు. అందులో దిగితే ఆయన మళ్ళీ ఎండ మొహం చూడరు. ఆ సంగతి ఆయనకీ తెలుసనుకుంటాను. నోటీసు వచ్చిన దగ్గర్నుంచీ కసరత్తు చెయ్యనని మొరాయిస్తున్నారు.

అత్తయ్య శుక్రవారం వంటకి వెళ్ళడం మానేసింది. వాళ్ళే రావద్దన్నారు. నిన్న నా పక్కన కూర్చుని, "నేను పని చెయ్యడం తప్పా, చెప్పడం తప్పా, ఏది తప్పే?" అని అడిగింది. పాపం, నిజంగా తెలియక అడిగింది.

మీరు ఒక్క ఉత్తరం రాసివ్వండి. అమ్మ మా ఇంట్లోనే ఉంటుంది, తమ్ముణ్ణి చూడటానికి మధ్యమధ్య వెళ్ళొస్తుంది అని. మీరూ అన్నయ్యగారూ సంతకం పెడితే చాలు. వీసా కాగితాల్లో ఉన్నదీ అదే కదా. నేను మిమ్మల్ని ఇంతవరకూ ఏదీ అడగలేదు. ఇప్పుడు కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను.

మీ మీనాక్షి.

*

లండన్, ఒంటారియో,
జనవరి.

మీనాక్షీ,

మీ అన్నయ్య సంతకం పెట్టనన్నారు. నువ్వు ఆయన్ని తప్పుగా అనుకోకు. ఆయన అన్నది ఇదీ: "లేని మనిషిని ఉందని ఎలా రాస్తాను? నిజంగా వచ్చి ఉండమను, సంతకమేం ఖర్మ, నా గది ఖాళీ చేసిస్తాను." ఎప్పుడూ ఆయనది అదే మాట. అమ్మ ఎందుకు రాదో ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు. నీకూ చెప్పలేదు. మెట్లని, మోకాళ్ళని ఏదో రాశాను. మెట్లూ కాదు, మోకాళ్ళూ కాదు.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. పిల్లలు పుట్టని కూతురింట్లో కన్నవాళ్ళు అన్నం తినరు. మా అమ్మమ్మ పాటించింది, మా అమ్మా పాటిస్తోంది. కూతురికి ఓ బిడ్డ పుట్టాక, మనవడి చేతి ముద్దో మనవరాలి చేతి ముద్దో తిన్నాక, అప్పుడు తింటారు. నాకు పిల్లలు లేరు. ఇక పుట్టరు. ఆ సంగతి నాకు డాక్టర్లు చెప్పకముందే మా అమ్మ కంచం చెప్పింది.

వీసా మీద వచ్చిన మొదట్లో ఇక్కడున్న రోజులు గుర్తున్నాయా? అమ్మ తన బియ్యం, తన పప్పు తనే కొనుక్కుని, బేస్‌మెంట్లో కరెంటు పొయ్యి మీద వేరే వండుకునేది. మీ అన్నయ్య అడిగితే ఉపవాసమనీ, మడి అనీ, అరుగుదల లేదనీ రోజుకో అబద్ధం చెప్పేదాన్ని. నేను పైన వంకాయ కూర వండి, వాసన కిందికి వెళ్ళకుండా బేస్‌మెంటు తలుపు వేసేదాన్ని. మా అమ్మకి వంకాయంటే ప్రాణం. మహీకి ఒంట్లో బాగోలేదని కబురొచ్చి తను అక్కడికి బయలుదేరినప్పుడు, చెప్పడానికి సిగ్గుగా ఉంది, తమ్ముడి కోసం ఏడుస్తూనే నేను కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

నిన్న అమ్మకి ఫోన్ చేసి రమ్మని అడిగాను. ఆ ఇంట్లో నేను ఏం తిని బతకనే అంది. నేను ఫోన్ పెట్టేశాను.

ఇప్పుడు చెప్పు, నేను ఏమని రాసివ్వను? మా అమ్మ నా ఇంట్లో ఉంటుంది అని నా చేత్తో నేనెలా రాయను? కలం పట్టుకుంటే చెయ్యి రావడం లేదు. నీ ఇల్లు పోతుందని తెలుసు. అయినా రావడం లేదు. నన్ను తిట్టుకో.

రత్నకుమారి.

*

స్కార్‌బరో,
ఫిబ్రవరి.

వదినగారికి,

మీ ఉత్తరం చదివాక మిమ్మల్ని తిట్టుకోలేదు. ఎవరికీ చూపించకుండా చించేశాను.

నిన్న విచారణ అయింది. నేను ఒక్కదాన్నే వెళ్దామనుకున్నాను. అత్తయ్య అప్పటికే తయారై, షూ వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. వద్దంటే వినలేదు. బోర్డు వాళ్ళు బల్లకి అటువైపు, మేము ఇటువైపు. తెలుగు తెలిసిన మనిషి ఇంకెవరూ లేక జ్ఞానవతినే మధ్యలో కూర్చోబెట్టారు.

వీసా కాగితాలు చూపించాను. లండన్ అడ్రసు చూశారు. చూసి, ఆ పత్రిక తీశారు. ఏడాదికి పైగా ఇక్కడే ఉంటున్నానని మీరే చెప్పారు కదా అని అత్తయ్యని అడిగారు. జ్ఞానవతి తెలుగులో అడిగింది. అడుగుతూ తల ఎత్తలేదు. ఆవిడకి అంతా తెలుసు కదా, సెప్టెంబరు నుంచీ ప్రతి వారం చూస్తూనే ఉంది. నేను ఏదో చెప్పబోతే అత్తయ్య నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

"పెద్దదాన్ని, గొప్పకి పోయి అన్నాను. కొడుకింట్లో ఉంటున్నానని చెప్పుకోవడం మాకు గొప్ప. కొడుకుని చూడటానికి ఇక్కడికి వచ్చిపోతుంటాను గానీ నేను ఉండేది నా కూతురింట్లో. అక్కడే పడుకుంటాను, అక్కడే అన్నం తింటాను."

ఆ మాటలు అంటున్నప్పుడు ఆవిడ గొంతు ఏమాత్రం తొణకలేదు. మీ ఉత్తరం చదివి ఉన్నాను కాబట్టి ఆ చివరి మాట ఏమిటో నాకు తెలుసు. అక్కడ ఇంకెవరికీ తెలియదు. జ్ఞానవతి ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పింది.

ఇల్లు ఉంచారు. పోయిన గంటలన్నీ నేనే స్వయంగా మళ్ళీ చెయ్యాలి. ఆరు నెలలు మమ్మల్ని కనిపెట్టి చూస్తారు. అత్తయ్య ఈ నెలాఖరుకల్లా వెళ్ళిపోవాలి. ఆ తర్వాత వచ్చినా ఆఫీసులో చెప్పి, గెస్టు పాసు మీద రెండ్రోజులుండి వెళ్ళాలి.

లిఫ్టులో జ్ఞానవతి నాతో మెల్లగా అంది, మొదట్లోనే అడిగి ఉంటే అవ్వని మీ ఇంట్లో మనిషిగా రాసుకునేవాళ్ళం, చాలామందికి రాశాం, సబ్సిడీ కూడా పోయేది కాదు అని. ఇప్పుడు అడిగితే విచారణలో చెప్పిన మాట అబద్ధమని తేలుతుందట. నాకు లిఫ్టు గోడకి తల కొట్టుకోవాలనిపించింది వదినా. దాచకపోయి ఉంటే సరిపోయేది. అంతే. ఇంత చిన్న విషయం.

అత్తయ్య శనివారం బస్సుకి బయలుదేరుతోంది. విచారణ నుంచి వచ్చిన దగ్గర్నుంచి మహీ కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు రాస్తూ ఉంటుంది. ఆయన కుడి చేతికి కదలిక లేదు కదా, ఎడమ చేత్తో ఆవిడ కొంగు పట్టుకుని వదలడం లేదు.

సోమవారం నుంచి ఆయన దగ్గర ఎవరుంటారు? నేను పొద్దున్న వెళ్తే సాయంత్రానికి గానీ రాను, వచ్చాక గంటల పని. నీళ్ళ సీసా, ఫోను ఎడమ చేతికి అందేలా పెట్టి తలుపు తాళం వేసుకుని వెళ్ళాలి. పడితే? ఇల్లు దక్కింది గానీ ఆ ఇంట్లో ఆయన ఒక్కరే ఉంటారు. మీకు ఏమైనా తోస్తే చెప్పండి. నాకేమీ తోచడం లేదు.

మీ మీనాక్షి.

*

లండన్, ఒంటారియో,
మార్చి.

మీనాక్షీ,

నువ్వు అడిగిన దానికి ముందు జవాబు. నాకు గురువారం, శుక్రవారం సెలవు. బుధవారం సాయంత్రం బస్సెక్కి వస్తాను, శుక్రవారం దాకా తమ్ముడి దగ్గర నేనుంటాను. నా పేరు మీద గెస్టు పాసు రాయించు. తక్కిన రోజులకి నా దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు నటించను. ఇంటికొచ్చి రోగిని చూసుకునే హోమ్ కేర్ వాళ్ళ లైన్లో నీ పేరు ఎక్కడుందో మీ అన్నయ్య కనుక్కుంటున్నారు. లైను పెద్దదేనట.

ఇక అమ్మ సంగతి.

బస్టాండుకి మేమిద్దరం వెళ్ళాం. దిగేటప్పుడు అమ్మ చేతిలో ఒక్క బట్టల సంచే ఉంది. బియ్యం సంచి ఉంటుందని డిక్కీ తెరిచి ఉంచాను. లేదు. నేను బేస్‌మెంట్లో కరెంటు పొయ్యి తుడిచి, పప్పూ బియ్యం కొత్తవి కొని పెట్టి ఉంచాను. దిగి చూసుకోమన్నాను. అమ్మ దిగలేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి డైనింగు టేబుల్ దగ్గర, మీ అన్నయ్యకి ఎదురుగా కూర్చుని, కంచం పెట్టమంది.

నాకు అర్థం కాలేదు. నువ్వు ఇక్కడ తినవు కదమ్మా అన్నాను. ఆయన ఎదురుగానే అనేశాను, ఇన్నేళ్ళు దాచిన మాట.

"తింటానని అంతమందిలో చెప్పి వచ్చాను. చెప్పి తినకపోతే అది అబద్ధమవుతుంది. అబద్ధం మీద వాడి ఇల్లు నిలవకూడదు. పెట్టు."

అంటే నా కోసం కాదు. అది నాకు తెలుసు, నువ్వూ వేరేగా అనుకోకు. నేను ఎన్ని పండగలు బతిమాలాను, ఎన్నిసార్లు ఏడ్చాను, అప్పుడు కదలని మనిషి కొడుకు గోడల కోసం కదిలింది. నాకు ఒళ్ళు మండింది. కంచం విసిరికొట్టాలనిపించింది. మీ అన్నయ్య ఏమీ తెలియక మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నారు. నేను కంచం పెట్టి, అన్నం పెట్టి, ముద్దపప్పు వేసి, నెయ్యి వేశాను. నెయ్యి టేబుల్ మీద కూడా పడింది.

అమ్మ కలుపుకుంది. కళ్ళు మూసుకుని లోపల ఏదో అనుకుంది. నాన్నకి చెప్పుకుందో, మా అమ్మమ్మకి చెప్పుకుందో. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది.

"పప్పులో ఉప్పు సరిపోలేదే" అంది.

మా అమ్మ నా వంటకి వంక పెట్టడం నా పెళ్ళయిన దగ్గర్నుంచి ఇదే మొదలు మీనాక్షీ. నేను వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా పట్టుకుని నిలబడిపోయాను. అవతల నుంచి అమ్మ పిలుస్తోంది, అన్నం చల్లారిపోతోంది, త్వరగా తెమ్మని.

నీ వదిన
రత్నకుమారి.